శాంతి, భద్రత, స్థిరత్వం: ఉమ్మడి ప్రకటనల్లోని ఆ ఒక్క వాక్యం వెనక ఏముంది?

ఇద్దరు దేశాధినేతలు కలుసుకున్నారంటే సాయంత్రానికల్లా ఒక ఉమ్మడి ప్రకటన వెలువడుతుంది. వాణిజ్యం గురించి నాలుగు ముక్కలు ఉన్నా లేకపోయినా, "ఈ ప్రాంతంలో శాంతి, భద్రత, స్థిరత్వాల కోసం కలిసి పనిచేయాలన్న నిబద్ధతను ఇరుపక్షాలూ పునరుద్ఘాటించాయి" అన్న వాక్యం మాత్రం తప్పదు. ఎన్నిసార్లు చదివామో, కన్ను దానంతటదే కింది పేరాలోకి జారిపోతుంది. దౌత్య భాషలో "పునరుద్ఘాటించాయి" అంటే కొత్తగా ఏమీ తేలలేదని అర్థం. అది వేరే సంగతి.

ఎక్కడో తుపాకులు పేలిన రోజున ఆ వాక్యం ఉన్నట్టుండి గుర్తొస్తుంది. ఒప్పందం ఉంది కదా, మిత్రదేశం ఎందుకు రాలేదు? ప్రాంతీయ కూటమి ఒక దేశానికి సైన్యం పంపి, పక్క దేశానికి ఎందుకు పంపలేదు? ఐక్యరాజ్య సమితి చూస్తూ కూర్చుందేం? వీటికి జవాబులు ఆ వాక్యంలో దొరకవు. ఎవరు ఎవరికి సరిగ్గా ఏం మాటిచ్చారో ఒప్పందాల పాఠంలో వెతకాలి. చాలా సందర్భాల్లో ఆ మాట మనం అనుకున్నదానికంటే చిన్నదిగా ఉంటుంది.

మూడు మాటలూ ఒకటి కావు

శాంతి అంటే యుద్ధం లేకపోవడం అనుకుంటే కొరియా ద్వీపకల్పంలో శాంతి ఉన్నట్టే. 1953 జూలై 27న అక్కడ యుద్ధ విరామ ఒప్పందం కుదిరింది. శాంతి ఒప్పందం మాత్రం ఈనాటికీ కుదరలేదు. సైప్రస్‌లో సమితి శాంతి పరిరక్షక దళం 1964 నుంచి ఉంది. తుపాకులు మౌనంగా ఉన్నాయి, తగాదా అలాగే ఉంది. అందుకే పండితులు పోరు ఆగడాన్ని ఒక రకం శాంతిగానూ, పోరుకు కారణం పోవడాన్ని మరో రకం శాంతిగానూ విడదీస్తారు. ఉమ్మడి ప్రకటనలు ఏ రకమో చెప్పవు.

భద్రత ఇంకా చిక్కైన మాట. ఒక దేశానికి దొరికిన భద్రతే పొరుగు దేశానికి భయం కావచ్చు. నదికి అటూ ఇటూ రెండు దేశాలున్నాయనుకుందాం. మొదటిది తన నగరాల రక్షణకు క్షిపణి వ్యవస్థ కొంటుంది. దాని ఉద్దేశం నిజంగా ఆత్మరక్షణే. రెండో దేశపు సేనానులకు ఉద్దేశాలు కనబడవు, క్షిపణులు కనబడతాయి. "రేపు మనం దెబ్బకు దెబ్బ తీయలేం కాబట్టి వాళ్లు ధైర్యంగా దాడి చేస్తారు" అని లెక్కవేసి వాళ్లు ఇంకో ఆయుధం కొంటారు. అది చూసి మొదటివాళ్లు, "చూశారా, మన అనుమానమే నిజమైంది" అంటారు. ఇద్దరిలో ఎవరూ దుర్మార్గులు కారు. అయినా ఇద్దరూ మునుపటికంటే ప్రమాదంలో పడ్డారు. 1950లో జాన్ హెర్జ్ అనే పండితుడు దీనికి "భద్రతా సందిగ్ధం" అని పేరు పెట్టాడు. ప్రాంతీయ సహకారంలో మంచి భాగం ఈ ముడిని వదులు చేసే ప్రయత్నమే.

స్థిరత్వం అంటే ఉన్నది ఉన్నట్టుండి మారకపోవడం. ప్రభుత్వాలకు ఇది ప్రాణప్రదం. కానీ ఉన్నదే నియంతృత్వమైతే ఆ స్థిరత్వం ఎవరికి వరం? ఒకే సంక్షోభంలో ఒకరు శాంతి పేరు చెప్పి జోక్యం కోరుతుంటే, ఇంకొకరు స్థిరత్వం పేరు చెప్పి వద్దంటుంటారు. ప్రకటనలో అవి కామాలతో పక్కపక్కనే నిలబడతాయి. బయట తరచూ ఎదురెదురుగా నిలబడతాయి.

శత్రువు బయట ఉన్నాడా, లోపలే ఉన్నాడా

దేశాలు జట్టుకట్టే పద్ధతుల్లో రెండింటికి దగ్గర దగ్గర పేర్లున్నాయి. గందరగోళం అక్కడే మొదలవుతుంది. ఒకటి సామూహిక రక్షణ: బయటి శత్రువు మనలో ఒకరి మీదికి వస్తే మిగతావాళ్లం సాయపడతాం. నాటో ఈ కోవలోది. రెండోది సామూహిక భద్రత: మనలోనే ఒకరు దారి తప్పి ఇంకొకరి మీద పడితే మిగతావాళ్లమంతా వాణ్ని అడ్డుకుంటాం. ఐక్యరాజ్య సమితి ఈ కోవలోది. మొదటిదానికి శత్రువు ఎవరో ముందే తెలుసు. రెండోదానికి తెలియదు, ఎవరైనా కావచ్చు.

ముందు మొదటిది. నాటో ఒప్పందం 1949 ఏప్రిల్ 4న 12 దేశాలతో మొదలైంది. ఇప్పుడు 32 దేశాలున్నాయి. ఫిన్లాండ్ 2023లో, స్వీడన్ 2024లో చేరాయి. దాని 5వ అధికరణం గురించి జనంలో ఉన్న అభిప్రాయం ఏమిటంటే, ఒకరి మీద దాడి జరిగితే మిగతా అందరూ యుద్ధంలోకి దిగి తీరాలని. పాఠం అలా లేదు. ఒకరి మీద సాయుధ దాడి అందరి మీదా దాడిగా పరిగణిస్తామని మొదటి సగం గంభీరంగా చెబుతుంది. రెండో సగంలో, ప్రతి దేశమూ "తనకు అవసరమని తోచిన" చర్య తీసుకుంటుంది, సాయుధ బలప్రయోగం సహా, అని ఉంటుంది. ఎవరికి ఏది అవసరమని తోస్తుందో ఎవరు చెప్పగలరు? సైన్యం పంపొచ్చు, మందులు పంపొచ్చు. ఈ వెసులుబాటు పొరపాటున వచ్చింది కాదు. యుద్ధం ప్రకటించే అధికారం తమ రాజ్యాంగం ప్రకారం తమ పార్లమెంటైన కాంగ్రెస్‌ది కాబట్టి, ముందే చేతులు కట్టేసుకునే ఒప్పందానికి అమెరికా సెనేట్ ఒప్పుకునేది కాదు. పాము చావాలి, కర్ర విరగకూడదు అన్న రకం రాత.

హద్దు కూడా ఉంది. 6వ అధికరణం ఈ హామీని స్థూలంగా ఐరోపా, ఉత్తర అమెరికాలకూ, కర్కట రేఖకు ఉత్తరాన ఉన్న అట్లాంటిక్ ప్రాంతానికీ పరిమితం చేసింది. 1982లో అర్జెంటీనా ఫాక్లండ్ దీవులను ఆక్రమించినప్పుడు బ్రిటన్ నాటో సభ్యదేశమే, కానీ ఆ దీవులు దక్షిణ అట్లాంటిక్‌లో ఉన్నాయి కాబట్టి 5వ అధికరణం ప్రసక్తే రాలేదు. విచిత్రమేమంటే అర్జెంటీనాకూ ఒక రక్షణ ఒప్పందం ఉంది. అమెరికా ఖండాల దేశాలు 1947లో రియోలో చేసుకున్నది. దాన్ని అర్జెంటీనా ఎత్తి చూపింది కూడా. రెండు ఒప్పందాల్లోనూ సంతకం ఉన్న అమెరికా చివరికి బ్రిటన్ వైపు నిలిచింది.

5వ అధికరణాన్ని ఇప్పటిదాకా ఒక్కసారే అమల్లోకి తెచ్చారు. 2001 సెప్టెంబరు 11 దాడుల మర్నాడు. ఐరోపాను అమెరికా కాపాడుతుందన్న ఊహతో రాసుకున్న హామీ, చివరికి అమెరికా కోసం వాడుకలోకి వచ్చింది.

రష్యా నాయకత్వంలోని సామూహిక భద్రతా ఒప్పంద సంస్థలోనూ ఇదే కథ ఇంకో రూపంలో నడిచింది. 2022 జనవరిలో కజఖ్‌స్థాన్‌లో అల్లర్లు చెలరేగితే అధ్యక్షుడు అడిగిన వెంటనే, రోజు తిరిగేలోగా దళాలు కదిలాయి. అదే ఏడాది సెప్టెంబరులో అజర్‌బైజాన్ తమ భూభాగం మీద దాడి చేసిందని ఆర్మేనియా మొరపెట్టుకుంటే పరిశీలక బృందం మాత్రం వచ్చింది. 2024లో ఆర్మేనియా ఆ సంస్థలో తన భాగస్వామ్యాన్ని స్తంభింపజేసింది. పేరులో "సామూహిక భద్రత" ఉంది. ఆచరణలో అది ఉన్న ప్రభుత్వాలను నిలబెట్టే స్థిరత్వ యంత్రంలా పనిచేసిందని విమర్శకులంటారు. సరిహద్దు ఎక్కడో తేలని చోట దాడి అని నిర్ధారించడం కష్టమన్నది సంస్థను సమర్థించేవాళ్ల వాదన.

సమితి గీసిన గీత, దాన్ని దాటినవాళ్లు

ఇక రెండో రకం. సమితి చార్టర్‌లో ఈ వ్యవహారమంతా మూడు నాలుగు అధికరణాల మీద నడుస్తుంది. 2(4) ప్రకారం ఏ దేశమూ మరో దేశం మీద బలం ప్రయోగించకూడదు, ప్రయోగిస్తామని బెదిరించనూ కూడదు. 51 దీనికి మినహాయింపు: సాయుధ దాడి జరిగితే ఒంటరిగానో, మిత్రులతో కలిసో ఆత్మరక్షణ చేసుకోవచ్చు. నాటో వంటివి ఈ మినహాయింపు నీడలోనే బతుకుతున్నాయి. ఎనిమిదో అధ్యాయం ప్రాంతీయ సంస్థలకు చోటిచ్చింది. తగాదా వస్తే ముందు మీ స్థాయిలో పరిష్కరించుకోండి అంటుంది 52. కానీ భద్రతా మండలి అనుమతి లేకుండా బలవంతపు చర్య తీసుకోవద్దు అంటుంది 53.

అనుమతి కావాలంటే 15 మంది సభ్యుల మండలిలో కనీసం 9 ఓట్లు కావాలి, ఐదుగురు శాశ్వత సభ్యుల్లో ఒక్కరూ వీటో చేయకూడదు. 1990లో ఇరాక్ కువైట్‌ను మింగినప్పుడు ఇది అనుకున్నట్టే పనిచేసింది. నవంబరులో వచ్చిన 678వ తీర్మానం బలప్రయోగానికి అనుమతించింది. 2022 ఫిబ్రవరి 25న ఉక్రెయిన్ మీద దాడిని ఖండించే ముసాయిదాకు 11 ఓట్లు వచ్చాయి. చైనా, భారత్, యూఏఈ ఓటు వేయలేదు. రష్యా వీటో చేసింది. కంచే చేను మేస్తే అడగడానికి ఈ ఏర్పాటులో దారి లేదు.

వీటో ఘోరమని అనడం తేలిక. పెద్ద దేశాలకు మాత్రమే వీటో ఇచ్చే పద్ధతి లేని ఏర్పాటును కూడా ప్రపంచం ఒకసారి చూసిందని మరచిపోతుంటాం. ఐక్యరాజ్య సమితికి ముందున్న నానాజాతి సమితిలో అమెరికా చేరనేలేదు. మంచూరియా విషయంలో తప్పుపట్టినందుకు జపాన్ 1933లో లేచి వెళ్లిపోయింది. 1935లో ఇటలీ ఇథియోపియా మీద పడినప్పుడు ఆంక్షలైతే విధించారు గానీ, యుద్ధ వాహనాలు నడవడానికి కావలసిన చమురును మాత్రం జాబితాలో చేర్చలేదు. పెద్ద దేశాలు బయటికి పోకుండా లోపలే కూర్చోబెట్టడానికి 1945లో చెల్లించిన ధరే వీటో. ఆ ధర ఎక్కువా, సబబా అన్నదాని మీద ఎనభై ఏళ్లుగా వాదన నడుస్తూనే ఉంది.

మరి మండలి కదలనప్పుడు ప్రాంతీయ సంస్థలు ఏం చేశాయి? కొన్నిసార్లు అడగకుండానే కదిలాయి. 1990 ఆగస్టులో లైబీరియా అంతర్యుద్ధంలోకి పశ్చిమాఫ్రికా దేశాల కూటమి ఎకోవాస్ దళాలు ముందస్తు అనుమతి లేకుండానే దిగాయి. మండలి తర్వాత మెచ్చుకుంది. 1999లో కొసావో విషయంలో నాటో అనుమతి లేకుండానే యుగోస్లావియా మీద బాంబులు వేసింది. ఒక స్వతంత్ర కమిషన్ దాన్ని చట్టవిరుద్ధమే గానీ న్యాయబద్ధమని తేల్చింది. ఒప్పుకోని దేశాలు సూటిగా అడిగేది ఇదే: చట్టాన్ని దాటడానికి మంచి కారణం ఉంటే చాలునా, ఆ కారణం మంచిదో కాదో దాటినవాడే చెబుతాడా?

2011లో లిబియా విషయంలో అనుమతి దొరికింది. అరబ్ లీగ్ అడిగింది, మండలి 1973వ తీర్మానాన్ని 10 ఓట్లతో ఆమోదించింది, భారత్ సహా ఐదు దేశాలు తటస్థంగా ఉండిపోయాయి. పౌరుల రక్షణ కోసమన్న అనుమతి గద్దాఫీ పతనందాకా సాగింది. అప్పుడు మోసపోయామన్న భావన రష్యా, చైనాల్లో మిగిలింది. సిరియా మీద ఆ తర్వాత వచ్చిన వీటోల వెనక ఉన్న కారణాల్లో ఇదొకటి.

గాంబియాకు వెళ్లిన సైన్యం నైజర్‌కు ఎందుకు వెళ్లలేదు

ఒకే సంస్థ (ఎకోవాస్), ఒకే నియమావళి, ఆరేళ్ల తేడాతో రెండు సంక్షోభాలు. ప్రాంతీయ సహకారం ఎక్కడ పనిచేస్తుంది, ఎక్కడ చతికిలబడుతుందో చూడటానికి ఇంతకంటే మంచి జత నాకు తోచలేదు.

గాంబియాలో యాహ్యా జమే 1994 తిరుగుబాటు నుంచి 22 ఏళ్లు ఏలాడు. 2016 డిసెంబరు ఎన్నికల్లో ఆడమా బారో చేతిలో ఓడిపోయాడు. మొదట ఓటమి ఒప్పుకున్నాడు, వారం తిరిగేసరికి మాట మార్చాడు. ఎకోవాస్ దేశాల అధ్యక్షులు వచ్చి నచ్చజెప్పారు, వినలేదు. 2017 జనవరి 19న బారో పొరుగున ఉన్న సెనెగల్ రాజధాని డకార్‌లో, గాంబియా రాయబార కార్యాలయంలో ప్రమాణం చేశాడు. అదే రోజు భద్రతా మండలి అతణ్ని సమర్థిస్తూ ఏకగ్రీవంగా తీర్మానించింది. ముందు రాజకీయ మార్గాలే చూడమంది, బలప్రయోగం అన్న మాట మాత్రం ఎక్కడా ఎత్తలేదు. ఎకోవాస్ దళాలు సరిహద్దు దాటాయి. గాంబియా సైన్యం పోరాడలేదు. 21న జమే విమానమెక్కి వెళ్లిపోయాడు.

నైజర్‌లో 2023 జూలై 26న అధ్యక్షుడి అంగరక్షక దళాధిపతి చియానీ, అధ్యక్షుడు బజూమ్‌ను నిర్బంధించి అధికారం చేజిక్కించుకున్నాడు. ఎకోవాస్ నాలుగు రోజుల్లోనే వారం గడువు పెట్టింది, లేదంటే బలప్రయోగమూ ఉండొచ్చంది. ఆంక్షలు విధించింది. నైజీరియా కరెంటు కోసేసింది. గడువు వచ్చింది, పోయింది. సైన్యం కదలలేదు.

తేడా ఎక్కడుంది? భూగోళంలో కొంత ఉంది. గాంబియా నది వెంట సాగిన సన్నని పట్టీ లాంటి దేశం, మూడు వైపులా సెనెగలే. నైజర్ విస్తీర్ణం 12 లక్షల చదరపు కిలోమీటర్ల పైమాట. చట్టపరంగా చూస్తే గాంబియాలో గెలిచిన అధ్యక్షుడు బయట స్వేచ్ఛగా ఉండి రమ్మని పిలిచాడు, నైజర్‌లో అధ్యక్షుడు బందీ. అన్నిటికంటే పెద్దది రాజకీయం. జమేకు తోడు నిలిచిన పొరుగుదేశం లేదు. నైజర్ పక్కన మాలీ, బుర్కినా ఫాసోల్లోనూ అప్పటికే సైనికులే ఏలుతున్నారు. నైజర్‌ మీద దాడి తమ మీద యుద్ధ ప్రకటనేనని వాళ్లు ప్రకటించారు. దాడికి పెద్ద దిక్కు కావలసిన నైజీరియాలో సెనేట్ యుద్ధం వద్దంది. ఉత్తర నైజీరియాలో సరిహద్దుకు అటూ ఇటూ ఉన్నవాళ్లు బంధువులు.

తర్వాత జరిగిందే అసలు మలుపు. ఆ మూడు దేశాలూ 2023 సెప్టెంబరులో సొంతంగా సహేల్ దేశాల కూటమి కట్టుకున్నాయి. ఒకరి మీద దాడి అందరి మీదా దాడే అన్న షరతుతోనే. 2025 జనవరి 29న అధికారికంగా ఎకోవాస్ నుంచి తప్పుకున్నాయి. అంటే స్థిరత్వం కోసం చేసిన బెదిరింపు 15 దేశాల కూటమిని 12కు దించింది. ఎకోవాస్ ఖాళీ బెదిరింపుతో పరువు పోగొట్టుకుందని కొందరంటారు. ఆ గడువు పెట్టకపోతే తిరుగుబాటుదార్లకు పచ్చజెండా ఊపినట్టయ్యేదని మరికొందరంటారు. నా మట్టుకు చూస్తే తప్పు బెదిరించడంలో కంటే తేదీ పెట్టడంలో ఉంది. తేదీ పెట్టాక లోకం క్యాలెండర్ చూస్తుంది.

"మీ ఇంటి గొడవలో మేం తలదూర్చం"

దీనికి పూర్తిగా భిన్నమైన దారి ఆగ్నేయాసియా దేశాల సంఘం ఆసియాన్‌ది. 1967లో ఐదు దేశాలతో మొదలైన ఆ సంఘం, 1976 బాలీ ఒప్పందంలో రెండు సూత్రాలు రాసుకుంది. ఒకరి ఆంతరంగిక వ్యవహారాల్లో మరొకరు జోక్యం చేసుకోకూడదు, తగాదాల్లో బలం వాడకూడదు. నిర్ణయాలన్నీ ఏకాభిప్రాయంతోనే.

2021 ఫిబ్రవరిలో మయన్మార్ సైన్యం అధికారం లాక్కున్నాక ఈ పద్ధతికి పరీక్ష వచ్చింది. ఏప్రిల్‌లో జకార్తాలో సైనికాధినేతను కూర్చోబెట్టి ఐదు అంశాల మీద ఏకాభిప్రాయం ప్రకటించారు. హింస ఆపడం అందులో మొదటిది. హింస ఆగలేదు. ఆ అక్టోబరు నుంచి సైనికాధినేతను శిఖరాగ్ర సమావేశాలకు పిలవడం మానేశారు. ఒక సభ్యదేశం విషయంలో ఆసియాన్ అంతదూరం వెళ్లడం దాని లెక్కలో చాలా పెద్ద సంగతి, మయన్మార్ పౌరుల లెక్కలో చాలా చిన్నది.

జోక్యం చేసుకోకపోవడాన్ని పిరికితనమని కొట్టిపారేయడమూ తొందరపాటే. వలస పాలన నుంచి బయటపడి, పరస్పరం అనుమానంతో ఉన్న దేశాలు ఒకే బల్ల ముందు కూర్చోగలిగాయంటే ఆ సూత్రం వల్లే. 2025 జూలైలో థాయ్‌లాండ్, కంబోడియాలు సరిహద్దులో ఐదు రోజులు పోరాడుకున్నప్పుడు ఇద్దరినీ పుత్రజయకు రప్పించి కాల్పుల విరమణ కుదిర్చింది ఆసియాన్ అధ్యక్ష స్థానంలో ఉన్న మలేషియా. అయితే వాణిజ్య సుంకాల పేరుతో అమెరికా వేసిన ఒత్తిడీ వెనక ఉంది. డిసెంబరులో పోరు మళ్లీ రాజుకుంది. పిలిస్తే ఇద్దరూ వస్తారు, వచ్చి కుదుర్చుకున్నది నిలబెట్టే బలం పిలిచినవాళ్లకు లేదు.

ఆఫ్రికా ఈ విషయంలో పాఠం మార్చి రాసుకుంది. 1963 నాటి ఆఫ్రికా ఐక్యతా సంస్థ జోక్యం వద్దన్న సూత్రాన్ని గట్టిగా పట్టుకుంది. 1994 రువాండా మారణకాండ తర్వాత, దాని వారసురాలైన ఆఫ్రికన్ యూనియన్ తన వ్యవస్థాపక చట్టంలో 4(హెచ్) అనే నిబంధన చేర్చింది: యుద్ధ నేరాలు, జాతి నిర్మూలన, మానవత్వంపై నేరాలు జరుగుతుంటే సభ్యదేశంలో జోక్యం చేసుకునే హక్కు యూనియన్‌కు ఉంటుంది. కాగితం మీద ప్రపంచంలో ఇంత తెగువ ఉన్న నిబంధన అరుదు. 2015 డిసెంబరులో బురుండీకి 5,000 మందితో దళం పంపాలని యూనియన్ శాంతి భద్రతా మండలి నిర్ణయించింది. బురుండీ ఒప్పుకోలేదు. 2016 జనవరి చివర్లో దేశాధినేతల సభ వెనక్కి తగ్గింది. ఇవాళ బురుండీకి పంపే దళం రేపు తమ గుమ్మంలోకి రావచ్చన్న ఊహ ఆ సభలో ఎంతమందికి కలిగిందో ఊహించడం కష్టం కాదు.

సార్క్ మరో కొస. 1985 నాటి దాని చార్టరే ద్వైపాక్షిక, వివాదాస్పద అంశాలను చర్చించకూడదంటుంది. 2014 కఠ్మాండూ తర్వాత శిఖరాగ్ర సమావేశమే జరగలేదు. వివాదాలను గడప బయట వదిలిరమ్మన్నారు, చివరికి మనుషులే రావడం మానేశారు.

జీతం ఎవరిస్తారు, ప్రాణం ఎవరు పెడతారు

సహకారం గురించి రాసేవాళ్లు తరచూ దాటేసేది డబ్బు సంగతి. సోమాలియాలో ఆఫ్రికన్ యూనియన్ దళం 2007 నుంచి పేర్లు మార్చుకుంటూ కొనసాగుతోంది. ఇన్నేళ్లలో అందులో పనిచేసిన సైనికులు ఉగాండా, బురుండీ, ఇథియోపియా, కెన్యా వంటి దేశాలవాళ్లు. వాళ్ల భత్యం చాలా ఏళ్లు ఐరోపా సమాఖ్య ఇచ్చింది. తిండి, రవాణా వంటివి సమితి చూసుకుంది. 2016లో ఐరోపా సమాఖ్య తన వాటాలో 20 శాతం కోసేసినప్పుడు, యుద్ధం పక్కవాడి పర్సు మీద ఎంతగా ఆధారపడి ఉంటుందో తెలిసొచ్చింది.

దీనికి మందుగా భద్రతా మండలి 2023 డిసెంబరులో 2719వ తీర్మానం చేసింది. మండలి అనుమతి ఉన్న ఆఫ్రికన్ యూనియన్ దళాల ఖర్చులో 75 శాతం దాకా సమితి సభ్యదేశాల చందాల నుంచి ఇవ్వొచ్చు. ఏడాది తర్వాత దాన్ని సోమాలియాకు వర్తింపజేయబోతే అమెరికా ఒప్పుకోలేదు. చందాల్లో అన్నిటికంటే పెద్ద వాటా దానిదే.

డబ్బు ఇచ్చేవాళ్ల వాదన, లెక్కలు అడిగే హక్కు మాకుందని. సైనికులను పంపేవాళ్ల వాదన, శవపేటికలు మా ఊళ్లకు వస్తున్నాయి కదా అని. సమితి శాంతి పరిరక్షక దళాల్లోనూ ఇదే చీలిక కనిపిస్తుంది. అత్యధికంగా సైనికులను పంపేది నేపాల్, రువాండా, బంగ్లాదేశ్, భారత్ వంటి దేశాలు. అత్యధికంగా డబ్బిచ్చేది అమెరికా, చైనా, జపాన్. ఎక్కడికి పంపాలో తేల్చేది మండలి.

పోట్లాడుకునేవాళ్లు కలిసి చేసే చిన్న పనులు

ఇప్పటిదాకా చెప్పినవన్నీ పెద్ద హామీలు. దండు కదుపుతాం, అడ్డుకుంటాం అన్న రకం. నా దృష్టిలో ప్రాంతీయ సహకారం నిజంగా ఫలించిన చోట్లు చాలావరకు ఇంకా చిన్నవి, చప్పగా ఉండేవి. వాటి లక్ష్యం ఒక్కటే: అవతలివాడు ఉలిక్కిపడకుండా చూడటం.

1975 హెల్సింకి తుది పత్రం మీద అమెరికా, సోవియట్ యూనియన్ సహా 35 దేశాలు సంతకం చేశాయి. అందులో 25,000 మందికి మించిన సైనిక విన్యాసాలు చేపడితే 21 రోజుల ముందే చెప్పాలన్న మాట ఉంది. 1986లో స్టాక్‌హోమ్‌లో ఆ పరిమితిని 13,000కు దించారు, గడువును 42 రోజులకు పెంచారు, వచ్చి తనిఖీ చేస్తామంటే కాదనే హక్కు తీసేశారు. మొదట్లో చెప్పుకున్న భద్రతా సందిగ్ధానికి ఇది సూటి విరుగుడు. ఉద్దేశాలు కనబడకపోయినా, కదలికలు ముందే తెలుస్తాయి. అయితే దళాలకే ముందుగా చెప్పకుండా జరిపే ఆకస్మిక విన్యాసాలకు మినహాయింపు మిగిలిపోయింది. ఆ సందులోంచి రష్యా పెద్ద విన్యాసాలే నడిపింది. 2022 ఫిబ్రవరిలో సరిహద్దు పొడవునా చేరిన దళాల గురించి వివరణ ఇవ్వమని ఉక్రెయిన్ ఇదే ఏర్పాటు కింద అడిగితే జవాబు రాలేదు.

అర్జెంటీనా, బ్రెజిల్ రెండూ 1970లు, 80లలో అణు సామర్థ్యం కోసం పోటీపడ్డాయి. 1991లో కలిసి ఒక తనిఖీ సంస్థ పెట్టుకున్నాయి. బ్రెజిల్ కేంద్రాలను అర్జెంటీనా నిపుణులు, అర్జెంటీనా కేంద్రాలను బ్రెజిల్ నిపుణులు చూస్తారు. నన్ను నమ్ము అనడానికి బదులు వచ్చి చూసుకో అనడమే ఇందులో కిటుకు.

మలక్కా జలసంధి కథలో కొలిచి చూపించగల ఫలితం ఉంది. సముద్ర దొంగల బెడద పెరిగి, 2004లో ఇండోనేషియా, మలేషియా, సింగపూర్ సమన్వయంతో గస్తీ మొదలుపెట్టాయి. ఎవరి నౌకలు వాళ్ల జలాల్లోనే తిరుగుతాయి. దొంగను తరుముతూ పొరుగువాడి జలాల్లోకి వెళ్లడానికి వీల్లేదు, సమాచారం అందించాలి అంతే. సార్వభౌమత్వం విషయంలో ఒక్క అంగుళం వదులుకోలేదు. 2005లో లండన్ బీమా మార్కెట్ కమిటీ ఆ జలసంధిని యుద్ధ ప్రమాద జాబితాలో చేర్చింది. ఆ మూడు దేశాలూ విమానాలతో ఉమ్మడి నిఘా కూడా మొదలుపెట్టాయి. 2006 ఆగస్టులో ఆ పేరు జాబితా నుంచి తొలగిపోయింది. ఇక్కడ శత్రువు ఏ దేశమూ కాదు, అందరికీ నష్టం తెచ్చే దొంగ. అందుకే పని తేలికైంది. ఈ విజయాన్ని చూపించి దక్షిణ చైనా సముద్రం తగాదా కూడా ఇలాగే తీరుతుందనేవాళ్లు ఈ తేడాను పక్కన పెడుతున్నారు.

చిట్టచివర ఒక కాగితం గురించి. భారత్, పాకిస్థాన్ 1988 డిసెంబరు 31న ఒక ఒప్పందం చేసుకున్నాయి. ఒకరి అణు కేంద్రాల మీద మరొకరు దాడి చేయకూడదు. అవి ఎక్కడున్నాయో తెలియడానికి ఏటా జనవరి 1న జాబితాలు ఇచ్చిపుచ్చుకోవాలి. మొదటి మార్పిడి 1992లో జరిగింది. 2025 జనవరి 1 నాటిది వరుసగా 34వది. మధ్యలో ఇద్దరూ అణు పరీక్షలు జరిపారు, కార్గిల్ యుద్ధం జరిగింది, సార్క్ ఆగిపోయింది. 2001 డిసెంబరులో భారత పార్లమెంటు మీద దాడి జరిగాక రెండు సైన్యాలూ సరిహద్దుకు కదిలాయి, రాయబారిని భారత్ వెనక్కి పిలిపించింది, రైళ్లు, బస్సులు, విమానాలు ఆగిపోయే స్థితి. ఆ పరిస్థితిలోనే 2002 జనవరి 1 వచ్చింది. ఢిల్లీలోనూ ఇస్లామాబాద్‌లోనూ అధికారులు ఆ రోజు కూడా జాబితాలు అందజేసుకున్నారు.